'ఫ్యాక్షన్' ఏ జానర్? సినిమా డేటాబేస్‌లు మన సినిమాల దగ్గర ఎందుకు తడబడతాయి

ఒక చిన్న టెస్ట్ చేసి చూడండి. ఐఎండీబీ ఓపెన్ చేసి అడ్వాన్స్‌డ్ సెర్చ్‌కి వెళ్లండి. భాష తెలుగు పెట్టి, జానర్ల లిస్ట్‌లో 'ఫ్యాక్షన్' కోసం వెతకండి. దొరకదు. యాక్షన్ ఉంటుంది, క్రైమ్ ఉంటుంది, డ్రామా ఉంటుంది, ఆఖరికి వెస్టర్న్ కూడా ఉంటుంది. 'సమరసింహారెడ్డి' (1999), 'ఆది' (2002), 'ఇంద్ర' (2002) మూడూ ఒకే కోవ సినిమాలని మనలో ఎవరినడిగినా రెండు సెకన్లలో చెప్తారు. కానీ ఆ కోవ పేరు మాత్రం అక్కడ లేదు.

సరే, లేకపోతే ఏమైంది అంటారా? ఇది ఒక వెబ్‌సైట్‌తో ఆగిపోయే విషయం కాదు. లెటర్‌బాక్స్‌డ్ తన సినిమా డేటాని టీఎండీబీ నుంచి తీసుకుంటుంది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌ని మీడియా సర్వర్‌గా మార్చి జెల్లీఫిన్ గానీ, కోడి గానీ నడిపేవాళ్లకి పోస్టర్లు, జానర్లు వచ్చేది కూడా ఎక్కువగా అక్కడి నుంచే. కాలేజీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌గా 'మూవీ రికమెండేషన్ సిస్టమ్' చేసే చాలా టీమ్‌లు వాడేది ఈ డేటాసెట్లనే. అంటే పైన ట్యాంక్‌లో నీళ్లు ఎలా ఉంటే కింద అన్ని కుళాయిల్లోనూ అలాగే వస్తాయి.

నేను కొంతకాలంగా వీకెండ్స్‌లో తెలుగు సినిమాల కోసం ఒక సిఫారసు యాప్ రాస్తున్నా. కోడ్ రాయడం తేలికగానే అయిపోతోంది. అసలు తలనొప్పి అంతా జానర్లు, సబ్‌జానర్లు, కీవర్డ్‌ల దగ్గరే. అందుకే ఈ డేటాబేస్‌లు లోపల ఎలా పనిచేస్తాయి, ఎక్కడ తేడా కొడుతుంది, దాన్ని ఎలా బాగు చేయొచ్చు అనేది ఈ ఆర్టికల్లో వివరంగా చూద్దాం.

ముందు బేసిక్స్: జానర్ వేరు, కీవర్డ్ వేరు

ఐఎండీబీ 1990లో యూజ్‌నెట్ న్యూస్‌గ్రూప్‌లో సినిమా అభిమానులు రాసుకున్న లిస్టులుగా మొదలైంది. 1998లో అమెజాన్ కొనేసింది. ఆ అభిమానుల లిస్టుల స్వభావం ఇప్పటికీ దాని డేటాలో కనిపిస్తుంది. జానర్లు అనేవి సైట్ నిర్ణయించిన చిన్న లిస్ట్. యాక్షన్, కామెడీ, ఫాంటసీ, హారర్ ఇలా ముప్పై లోపే. కొత్తది మనం సృష్టించలేం. కీవర్డ్‌లు అలా కాదు. యూజర్లు చేర్చొచ్చు, అది ఆ సినిమాకి సరిపోతుందా లేదా అని ఓటు వేయొచ్చు.

టీఎండీబీ 2008లో మొదలైంది. అక్కడ సినిమాలకి జానర్లు 19 మాత్రమే. ప్రతిదానికీ ఒక నంబర్ ఉంటుంది: యాక్షన్ 28, కామెడీ 35, ఫాంటసీ 14, వెస్టర్న్ 37. కీవర్డ్‌లకి వేరే ఐడీలు. ఏపీఐలో 'డిస్కవర్' కాల్‌కి ఒరిజినల్ లాంగ్వేజ్ తెలుగు అని ఇచ్చి, కీవర్డ్ ఐడీల మధ్య కామా పెడితే 'రెండూ ఉండాలి' అని, నిలువు గీత పెడితే 'ఏదో ఒకటి ఉంటే చాలు' అని అర్థం. వాడటానికి చాలా హాయిగా ఉంటుంది. కానీ అవతల ఎవరైనా ఆ కీవర్డ్ పెట్టి ఉంటేనే ఫలితం వస్తుంది.

ఈ రెండింటికీ మధ్యలో ఉండేదే సబ్‌జానర్. ఇది జానర్ కంటే చిన్నది, కీవర్డ్ కంటే పెద్దది. ఈ మధ్య ఐఎండీబీ సినిమా పేజీ పైన చిన్న చిన్న చిప్స్‌లా సబ్‌జానర్లు చూపిస్తోంది. 'డార్క్ కామెడీ', 'ఫీల్-గుడ్ రొమాన్స్', 'యాక్షన్ ఎపిక్' లాంటివి. వాటిలో 'వన్-పర్సన్ ఆర్మీ యాక్షన్' అని ఒకటుంది. అంటే ఒక్కడే వందమందిని కొట్టే సినిమా. హాలీవుడ్‌లో అది ఒక ప్రత్యేకమైన రకం కావచ్చు. మన దగ్గర దాన్ని సబ్‌జానర్ అనరు, ఇంటర్వెల్ బ్యాంగ్ అంటారు! మన మాస్ సినిమాల్లో సగానికి పైగా అతికే లేబుల్ వల్ల సెర్చ్‌లో ఉపయోగం ఏముంటుంది? సమస్య మొత్తం ఈ ఒక్క ఉదాహరణలో ఉంది: ఒకచోట తేడా చూపించే లేబుల్ ఇంకోచోట ఏ తేడా చూపించదు.

సమస్య 1: మూడు జానర్లు, అదీ అక్షరక్రమంలో

ఐఎండీబీ నాన్-కమర్షియల్ వాడకం కోసం కొన్ని ఫైల్స్ ఉచితంగా ఇస్తుంది. వాటిలో 'టైటిల్ బేసిక్స్' అనే ఫైల్‌లో ప్రతి సినిమాకి గరిష్ఠంగా మూడు జానర్లే ఉంటాయి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ మూడూ ప్రాధాన్యం ప్రకారం ఉండవు, ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఉంటాయి. ఒక సినిమాకి కామెడీ, యాక్షన్, డ్రామా ఉంటే వరస ఎప్పుడూ యాక్షన్, కామెడీ, డ్రామానే. సినిమాలో తొంభై శాతం కామెడీ, చివర్లో ఒక్క ఫైట్ ఉన్నా సరే.

ఇప్పుడు ఎవరైనా 'మొదటి జానర్‌నే ప్రధాన జానర్‌గా తీసుకుందాం' అని ఒక లైన్ కోడ్ రాశారనుకోండి. ఆ లైన్ చాలా నోట్‌బుక్‌లలో కనిపిస్తుంది. దాంతో 'ఏ' అక్షరంతో మొదలయ్యే యాక్షన్, అడ్వెంచర్‌ల సంఖ్య అమాంతం పెరిగిపోతుంది. థ్రిల్లర్, వార్, వెస్టర్న్ లాంటివి పాతాళానికి వెళ్లిపోతాయి. ఆ బార్ చార్ట్ చూసి 'యాక్షన్‌కి ఎంత క్రేజో' అని రాసేది నిజానికి అక్షరమాల మీద రిపోర్ట్ అన్నమాట. మీ ప్రాజెక్ట్‌లో ఆ లైన్ ఉంటే ముందు దాన్ని తీసేయండి. మూడింటినీ సమానంగా, మల్టీ-లేబుల్‌గా తీసుకోండి.

మన పాత సినిమాల పోస్టర్లు చూడండి. పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అని స్పష్టమైన విభజన ఉండేది. 'మాయాబజార్' (1957) పౌరాణికం, 'పాతాళ భైరవి' (1951) జానపదం, 'గుండమ్మ కథ' (1962) సాంఘికం. తీసేవాళ్లకి, చూసేవాళ్లకి ఇద్దరికీ తెలిసిన భాష ఇది. ఆ రోజుల్లో ఒక నటుడి ఇమేజ్, ఒక దర్శకుడి పేరు, సెట్లు, కాస్ట్యూమ్స్ అన్నీ ఈ విభజన చుట్టూనే తిరిగేవి. విఠలాచార్య అనగానే ఏ రకం సినిమానో చెప్పక్కర్లేదు కదా. డేటాబేస్‌కి వచ్చేసరికి పౌరాణికానికీ, జానపదానికీ ఉన్న గది ఒక్కటే: ఫాంటసీ. కృష్ణుడు, ఘటోత్కచుడు, నేపాళ మాంత్రికుడు, హ్యారీ పాటర్ అందరూ ఒకే గదిలో. పౌరాణికం చూసేవాళ్లలో చాలామందికి అది ఫాంటసీ కాదు, భక్తి. అక్కడ లేబుల్ తప్పవడమే కాదు, కొంచెం నొచ్చుకునేలా కూడా ఉంటుంది.

సమస్య 2: నిర్వచనాలు వేరే ఊరివి

'మ్యూజికల్' తీసుకుందాం. ఐఎండీబీలో మ్యూజిక్ వేరు, మ్యూజికల్ వేరు. కథ మధ్యలో పాత్రలు ప్రేక్షకుల కోసం పాట అందుకుంటే అది మ్యూజికల్. కథ సంగీతం గురించి అయినంత మాత్రాన మ్యూజికల్ కాదు. ఈ లెక్కన హీరో హీరోయిన్ స్విట్జర్లాండ్‌లో డ్యూయెట్ పాడుకున్న ప్రతి తెలుగు సినిమా మ్యూజికలే. మరి 'శంకరాభరణం' (1980)? అందులో ఎక్కువ పాటలు కచేరీలో, పాఠంలో, ఇంట్లో పాత్రలు పాత్రల ముందే పాడేవి. అక్షరాలా రూల్ పాటిస్తే ఫైట్లతో నిండిన మాస్ సినిమా మ్యూజికల్ అవుతుంది, శంకరశాస్త్రి గారి సినిమా మాత్రం బోర్డర్‌లో ఆగుతుంది!

రూల్ రాసినవాళ్లది తప్పు కాదు. పాటలు ఉండటం అరుదైన చోట ఆ రూల్ చక్కగా పనిచేస్తుంది. పాటలు లేకపోవడమే అరుదైన చోట పనిచేయదు. దాంతో లేబుల్ పెట్టేవాళ్లు ఎవరి బుద్ధికి తోచినట్టు వాళ్లు పెడతారు. ఒకే రకం సినిమాల్లో ఒకదానికి మ్యూజికల్ ఉంటుంది, ఇంకోదానికి ఉండదు.

ఫిల్మ్-నోయిర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఐఎండీబీ దాన్ని పాత హాలీవుడ్ బ్లాక్ అండ్ వైట్ కాలానికి పరిమితం చేసింది. ఆ తర్వాత వచ్చిన అదే రకం సినిమాలకి 'నియో-నోయిర్' అనే కీవర్డ్ వాడాలి. అంటే ఒకే శైలి కాలాన్ని బట్టి ఒకచోట జానర్, ఒకచోట కీవర్డ్.

వెస్టర్న్ విషయం ఇంకా సరదాగా ఉంటుంది. కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు' (1971), మహేష్ బాబు 'టక్కరి దొంగ' (2002) మనవాళ్లు తీసిన కౌబాయ్ సినిమాలు. గుర్రాలు, టోపీలు, నిధి వేట అన్నీ ఉన్నాయి. వీటిని వెస్టర్న్ అంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ 'కౌబాయ్ సినిమా' అనే మన మాటతో వెతికినవాళ్లకి కూడా అవి దొరకాలి. అక్కడే మూడో సమస్య.

సమస్య 3: ఒకే మాట, పది అర్థాలు, ఒకే అర్థం, పది మాటలు

ఇంగ్లిష్‌లో 'ఫ్యాక్షన్' అంటే పార్టీలోనో, సంస్థలోనో ఒక వర్గం. తెలుగులో ఫ్యాక్షన్ సినిమా అంటే రాయలసీమ, రెండు కుటుంబాలు, తరతరాల పగ, సుమోలు, నాటుబాంబులు, ఊరు వదిలి వెళ్లి పేరు మార్చుకుని బతికే హీరో, సెకండాఫ్‌లో ఫ్లాష్‌బ్యాక్. ఇది ఒక మొత్తం ప్యాకేజీ. దీన్ని ఇంగ్లిష్ కీవర్డ్‌లలోకి దింపినప్పుడు ఒకరు 'ఫ్యామిలీ ఫ్యూడ్' అని రాస్తారు, ఇంకొకరు 'బ్లడ్ ఫ్యూడ్' అంటారు, మరొకరు 'రివెంజ్', 'గ్యాంగ్ వార్', 'విలేజ్' అని వదిలేస్తారు. ఏ ఒక్క కీవర్డ్‌తో వెతికినా మొత్తం బ్యాచ్ రాదు. 'రివెంజ్'తో వెతికితే వీటితో పాటు ప్రపంచంలో ఉన్న పగ సినిమాలన్నీ వస్తాయి, 'ఈగ'తో సహా. సెర్చ్ భాషలో చెప్పాలంటే ఒకవైపు రీకాల్ పడిపోతుంది, రెండో వైపు ప్రెసిషన్ పడిపోతుంది.

'మాస్' ఇంకో ఉదాహరణ. ఇంగ్లిష్ కీవర్డ్‌గా అది చర్చి ప్రార్థన కావచ్చు, ఫిజిక్స్‌లో ద్రవ్యరాశి కావచ్చు. మనకి మాత్రం అది ఒక రకం సినిమా, ఒక రకం ఆడియెన్స్, ఒక రకం నడక.

ఈ గందరగోళం ఇంగ్లిష్‌కే పరిమితం కాదు. మా అమ్మమ్మ ఇంటికొస్తే 'ఒక జానపదం పెట్టరా' అని అడుగుతుంది. ఆవిడ ఉద్దేశం కాంతారావు కత్తియుద్ధం చేసే సినిమా. అదే మాట టీవీ రిమోట్ మైక్‌లో చెప్తే తెలంగాణ జానపద పాటలు వరసగా వస్తాయి. పాటలు బాగానే ఉంటాయి, మైక్ కూడా మాటని సరిగ్గానే విన్నది. కానీ 'జానపదం' అనే మాట వెనక రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయని, సినిమా యాప్‌లో అడిగితే ఏది ఇవ్వాలో చెప్పే డేటా వెనకాల లేదు. 1950, 60ల్లో వచ్చిన చాలా సినిమాలు హక్కులున్న ఏదో ఒక యాప్‌లో నిద్రపోతుంటే, వాటిని అడిగే మనిషికి అవి కనిపించవు. సినిమా ఉంది, ఇంటర్నెట్ ఉంది, చూడాలనే కోరిక ఉంది. మధ్యలో లేబుల్ లేదు.

సమస్య 4: అన్నీ ఒకే సంచిలో

కీవర్డ్ పేజీ ఒకసారి నిదానంగా చదివితే ఇంకో సంగతి అర్థమవుతుంది. 'పాము', 'కోట', 'రైలు' లాంటివి సినిమాలో కనిపించే వస్తువులు. 'తండ్రీకొడుకుల అనుబంధం' కథాంశం. 'నాన్-లీనియర్' కథ చెప్పే పద్ధతి. 'టైటిల్‌లో అంకె', 'ఒకే పదం టైటిల్' లాంటివి అసలు సినిమా లోపలి విషయాలే కావు. 'సర్‌ప్రైజ్ ఎండింగ్' అనేది ఏకంగా స్పాయిలర్. ట్విస్ట్ ఉందని ముందే తెలిశాక ట్విస్ట్ ఏముంటుంది? వీటన్నింటికీ డేటాబేస్‌లో ఇచ్చే హోదా ఒక్కటే: కీవర్డ్.

దీనివల్ల సిఫారసులు ఎలా పాడవుతాయో చిన్న లెక్కతో చూద్దాం. మొత్తం 10,000 సినిమాలు ఉన్నాయనుకోండి. 'కుటుంబ సంబంధాలు' అనే కీవర్డ్ 5,000 సినిమాలకి ఉంది. 'టైమ్ మెషిన్' 10 సినిమాలకే ఉంది. రెండింటినీ సమానంగా లెక్కేస్తే 'ఆదిత్య 369' (1991) చూసినవాడికి ఏదో ఒక ఫ్యామిలీ డ్రామా సిఫారసు వస్తుంది. అందుకే ఐడీఎఫ్ అనే పద్ధతి వాడతారు. మొత్తం సినిమాల సంఖ్యని ఆ కీవర్డ్ ఉన్న సినిమాల సంఖ్యతో భాగించి లాగరిథమ్ తీస్తారు. పది బేస్‌తో తీస్తే మొదటిదానికి 0.3, రెండోదానికి 3 వస్తుంది. పది రెట్ల తేడా. అరుదైన మాటకి బరువు ఎక్కువ.

కానీ ఐడీఎఫ్ కూడా సర్వరోగ నివారిణి కాదు. స్పెల్లింగ్ తప్పుతో ఒకే ఒక్క సినిమాకి ఉన్న కీవర్డ్ కూడా అరుదైనదే కదా! దానికి అందరికంటే ఎక్కువ బరువు పడుతుంది. అందుకే కనీసం మూడు నాలుగు సినిమాలకి లేని కీవర్డ్‌లని పక్కన పెట్టడం మంచిది.

సమస్య 5: ఉన్నోడికే అన్నీ

కీవర్డ్‌లు రాసేది అభిమానులు. ప్రపంచమంతా చూసిన హాలీవుడ్ సినిమాకి వందల కీవర్డ్‌లు పోగవుతాయి. 1960ల నాటి తెలుగు సినిమా పేజీలో అరడజను ఉంటే గొప్ప. ఈ తేడా లెక్కల్లో ఎలా కొడుతుందో చూడండి.

సినిమా ఏకి 300 కీవర్డ్‌లు. సినిమా బీకి 6 మాత్రమే, కానీ ఆ 6 కూడా ఏలో ఉన్నాయి. జకార్డ్ పోలిక అంటే ఉమ్మడివి భాగించు మొత్తం. 6 భాగించు 300, అంటే 0.02. ఇప్పుడు సినిమా సీకి 250 కీవర్డ్‌లు, అందులో ఏతో కలిసేవి 60. మొత్తం 490. 60 భాగించు 490, అంటే సుమారు 0.12. బీ గురించి మనకి తెలిసినదంతా ఏతో సరిపోయినా, సీ ఆరు రెట్లు దగ్గరగా కనిపిస్తుంది. అంటే ఎక్కువ రాసి ఉన్న సినిమా ఎప్పుడూ గెలుస్తుంది. మీ యాప్‌లో పాత సినిమాలు ఎప్పుడూ సిఫారసులోకి రావట్లేదంటే అవి బాగోలేక కాదు, వాటి గురించి ఎవరూ రాయక.

దీనికి ఒక తాత్కాలిక మందు ఉంది. భాగించేటప్పుడు మొత్తంతో కాకుండా రెండింటిలో చిన్న సెట్ సైజుతో భాగించండి. దీన్ని ఓవర్‌ల్యాప్ కోఎఫిషియెంట్ అంటారు. బీకి 6 భాగించు 6, అంటే 1 వస్తుంది. అలాగని ఒక్క కీవర్డ్ ఉన్న సినిమాకి కూడా ఫుల్ మార్కులు ఇచ్చేస్తుంది కాబట్టి దీనికీ ఒక కనీస పరిమితి పెట్టుకోవాలి.

సమస్య 6: చెట్టు కాదు, మర్రి ఊడలు

టైమ్ లూప్ అనేది టైమ్ ట్రావెల్‌లో ఒక రకం అని మనకి తెలుసు. కానీ కీవర్డ్‌ల మధ్య తల్లీపిల్లల సంబంధం ఉండదు. 'కుడి ఎడమైతే' సిరీస్‌కి ఎవరైనా 'టైమ్ లూప్' అని మాత్రమే పెడితే, 'టైమ్ ట్రావెల్' అని వెతికినవాళ్లకి అది కనిపించదు.

సరే, ఒక చెట్టులా అమర్చేద్దాం అనుకుంటే సోషియో ఫాంటసీ అడ్డొస్తుంది. 'యమగోల' (1977), 'యముడికి మొగుడు' (1988), 'యమలీల' (1994), 'యమదొంగ' (2007). ముప్పై ఏళ్ల పాటు యముడిని వదలకుండా తీసిన సినిమాలు ఇవి. వీటిని ఎక్కడ పెట్టాలి? ఫాంటసీ కిందా, కామెడీ కిందా, పౌరాణికం కిందా? మూడింటి కిందా పెట్టాలి. కంప్యూటర్ సైన్స్‌లో చెప్పాలంటే ఇది ట్రీ కాదు, ఒక నోడ్‌కి చాలామంది పేరెంట్స్ ఉండే గ్రాఫ్.

ఇప్పటిదాకా ఎవరు ఏం చేశారు?

నెట్‌ఫ్లిక్స్ డబ్బు పెట్టి మనుషుల చేత చేయించింది. సినిమాలు చూసి ట్యాగ్ చేయడానికి వాళ్లకి 36 పేజీల గైడ్ ఇచ్చింది. ముగింపు ఎంత సంతోషంగా ఉంది లాంటివి కూడా స్కేల్ మీద మార్కులేస్తారు. ఆ ట్యాగ్‌లని కలిపి మైక్రో జానర్లు పుట్టించారు. 2014లో 'ది అట్లాంటిక్' పత్రిక కోసం అలెక్సిస్ మాడ్రిగల్ యూఆర్‌ఎల్‌లో నంబర్ మారుస్తూ స్క్రిప్ట్‌తో లెక్కపెడితే 76,897 తేలాయి. ఇక్కడ గమనించాల్సింది సంఖ్య కాదు. అన్ని వేల పేర్లు ఎవరూ కూర్చుని రాయలేదు. కొన్ని చిన్న ముక్కలని కలిపితే అవే వచ్చాయి.

మిన్నెసోటా యూనివర్సిటీ గ్రూప్‌లెన్స్ వాళ్లు మూవీలెన్స్‌లో 'ట్యాగ్ జీనోమ్' అని చేశారు. ట్యాగ్ ఉందా లేదా అని అడగకుండా, ఎంత ఉంది అని 0 నుంచి 1 మధ్య స్కోర్ ఇస్తారు. సుమారు 1,100 ట్యాగ్‌లకి ప్రతి సినిమాకీ స్కోర్ ఉంటుంది. 'మూడొంతులు కామెడీ, కాస్త యాక్షన్' అని చెప్పగలగడం పెద్ద మెరుగుదల.

వికీడేటాది ఇంకో దారి. అక్కడ ప్రతి భావనకీ ఒక క్యూ నంబర్. జానర్ అనే ప్రాపర్టీ పీ136. ఆ నంబర్‌కి తెలుగులో ఒక పేరు, ఇంగ్లిష్‌లో ఒక పేరు, పక్కన మారుపేర్లు ఎన్నైనా పెట్టొచ్చు. మాట మారినా విషయం మారదు.

వీళ్లందరి కంటే చాలా ముందే ఈ చిక్కుముడి విప్పిన మనిషి మన పక్క రాష్ట్రంలోనే ఉన్నాడు. తమిళనాడుకి చెందిన లైబ్రేరియన్ ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ క్లాసిఫికేషన్ ప్రచురించారు. ఒక పుస్తకాన్ని ఒకే అరలో ఇరికించకుండా, ఒక్కో కోణం నుంచి విడివిడిగా వర్ణించి ఆ ముక్కలని కలపడం ఆయన పద్ధతి. ఆ కోణాల్లో స్థలం, కాలం కూడా ఉన్నాయి. ఈ-కామర్స్ యాప్‌లో మొబైల్ వెతికేటప్పుడు ఎడమ వైపు ర్యామ్, బ్యాటరీ, ధర అని ఫిల్టర్లు వస్తాయి చూడండి, దాని వెనక ఉన్న ఆలోచన ఇదే. మొబైల్స్‌కి పనికొచ్చింది సినిమాలకి ఎందుకు పనికిరాదు?

తెలుగు సినిమాకి ఫిల్టర్లు ఇలా ఉంటే?

'ఇది ఏ జానర్' అనే ఒక్క ప్రశ్న బదులు నాలుగైదు చిన్న ప్రశ్నలు వేసుకుందాం. కథ ఎక్కడ, ఎప్పుడు జరుగుతుంది? కథని నడిపే ఇంజిన్ ఏంటి? టోన్ ఏంటి? సంప్రదాయం ఏంటి? నా యాప్‌లో నేను వాడుతున్నది ఇదే.

- మర్యాద రామన్న (2010): స్థలం రాయలసీమ. ఇంజిన్ రెండు కుటుంబాల పగ, గడప దాటేదాకా అతిథిని చంపకూడదనే నియమం. టోన్ కామెడీ, సస్పెన్స్. సంప్రదాయం ఫ్యాక్షన్. ప్రేరణ బస్టర్ కీటన్ 1923 మూకీ సినిమా 'అవర్ హాస్పిటాలిటీ'.
- యమదొంగ (2007): స్థలం భూలోకం, యమలోకం. ఇంజిన్ చనిపోయినవాడు యముడితోనే పేచీ పెట్టుకోవడం. టోన్ కామెడీ, యాక్షన్. సంప్రదాయం సోషియో ఫాంటసీ.
- ఆదిత్య 369 (1991): కాలం వర్తమానం, శ్రీకృష్ణదేవరాయల కాలం, భవిష్యత్తు. ఇంజిన్ టైమ్ మెషిన్, వజ్రం దొంగతనం. టోన్ అడ్వెంచర్, కామెడీ. సంప్రదాయం సైన్స్ ఫిక్షన్, చారిత్రకం.

ఇప్పుడు 'ఫ్యాక్షన్ ఉండాలి కానీ రక్తం వద్దు, నవ్వాలి' అని అడిగితే సంప్రదాయం ఫ్యాక్షన్, టోన్ కామెడీ అనే రెండు ఫిల్టర్లతో 'మర్యాద రామన్న' దొరుకుతుంది. 'అరవింద సమేత వీర రాఘవ' (2018) ఫ్యాక్షన్‌లోనే ఉంటుంది, కానీ పగని ఆపడం అనే వేరే ఇంజిన్‌తో. రెండూ ఒకే ఇంట్లో, వేర్వేరు గదుల్లో.

డేటాబేస్ డిజైన్ కూడా కష్టం కాదు. మూడు టేబుల్స్ చాలు. ఒకటి భావనలు, వాటి పేరెంట్స్. రెండోది ఆ భావనల పేర్లు, భాషలవారీగా, మారుపేర్లతో సహా. 'జానపదం', 'జానపద చిత్రం', 'ఫోక్‌లోర్ ఫాంటసీ' అన్నీ ఒకే ఐడీకి. మూడోది సినిమా, భావన, స్కోర్, ఆ సమాచారం ఎక్కడిది, స్పాయిలరా కాదా. ఈ చివరి రెండు కాలమ్స్ మర్చిపోకండి. తర్వాత ఏదైనా లేబుల్ మీద అనుమానం వస్తే అది ఎవరు చెప్పారో తెలియాలి కదా.

ఏఐకి అప్పజెప్పేస్తే సరిపోదా?

మీరు ఈపాటికి అనుకునే ఉంటారు. ప్లాట్ సారాంశం ఇచ్చి లాంగ్వేజ్ మోడల్‌ని జానర్ అడిగితే అయిపోయింది కదా అని. నేను ప్రయత్నించా. స్వేచ్ఛగా వదిలేస్తే అది మళ్లీ యాక్షన్, డ్రామా, ఫాంటసీ అనే ఆ పాత మాటల్లోకే వెళ్లిపోతోంది. నేర్చుకున్నది అలాంటి డేటా మీదే కాబట్టి ఆశ్చర్యం లేదు. పైగా సారాంశం మూడు లైన్లే ఉన్న పాత సినిమాకి లేని విషయాలు కూడా నమ్మకంగా చెప్పేస్తోంది.

నా అనుభవంలో మూడు షరతులతో పని జరుగుతోంది. ఒకటి, మన భావనల లిస్ట్ మనమే ఇచ్చి అందులోంచే ఎంచుకోమనాలి. రెండు, ప్రతి లేబుల్‌కీ సారాంశంలోని ఏ వాక్యం ఆధారమో చూపించమనాలి, ఆధారం లేకపోతే 'తెలియదు' అనే ఆప్షన్ ఇవ్వాలి. మూడు, సినిమా చూసిన మనిషి ఒకసారి చూడాలి. ఈ మూడోదానికి మా ఇంట్లో అమ్మమ్మని మించిన ఎక్స్‌పర్ట్ లేదు.

మీరు ఈ వీకెండ్‌లో ఏం చేయొచ్చు

- మీకు బాగా తెలిసిన ఒక్క పాత తెలుగు సినిమా ఎంచుకోండి. టీఎండీబీలో ఉచితంగా అకౌంట్ తీసుకుంటే ఎడిట్ చేయొచ్చు. తెలుగు టైటిల్, తెలుగు కథా సారాంశం లేకపోతే ముందు అవి చేర్చండి. తెలుగులో వెతికేవాళ్లకి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేవి ఇవే.
- కీవర్డ్ పెట్టేముందు టైప్ చేసి ఆగండి. సజెషన్స్‌లో అదే అర్థంతో ఇప్పటికే ఒకటి ఉంటే దాన్నే వాడండి. కొత్త స్పెల్లింగ్ అంటే సినిమాని ఇంకో ఒంటరి ద్వీపంలో పడేయడమే.
- నిర్దిష్టమైనదాన్ని పెట్టినప్పుడు దాని పైదాన్ని కూడా పెట్టండి. టైమ్ లూప్ పెడితే టైమ్ ట్రావెల్ కూడా.
- ఐఎండీబీలో కీవర్డ్ పేజీకి వెళ్లి, తప్పుగా ఉన్నవాటికి వ్యతిరేకంగా, సరైనవాటికి అనుకూలంగా ఓటు వేయండి. రెండు నిమిషాల పని.
- ట్విస్ట్ బయటపెట్టే కీవర్డ్ పెట్టకండి. ఇంకొకరి ఇంటర్వెల్ పాడుచేయొద్దు.
- వికీడేటాలో సినిమా జానర్ల పేజీలకి తెలుగు పేర్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే చేర్చండి. ఒక్క పేరు చేర్చినా ఆ జానర్ వాడిన ప్రతి సినిమాకీ అది వర్తిస్తుంది.

నా వరకు నేను విఠలాచార్య సినిమాలతో మొదలుపెట్టా. వారానికి రెండు పేజీలు. మాంత్రికుడు, రాకుమారి, ఏడు సముద్రాల అవతల ప్రాణం, మాట్లాడే చిలుక... కీవర్డ్‌లకి కొరత లేని సినిమాలవి. రాసేవాళ్లకే కొరత.